పేర్లు సెప్పేత్తారేటి?

పలాసలో రైలు దిగి టెక్కలి వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. ఉద్దానంలో ఒకప్పుడు జరిగిన రైతు తిరుగుబాటు మీద యూనివర్సిటీ వాళ్ళు టెక్కలిలో సెమినార్ పెట్టారు, నేనూ మాట్లాడాలి. నేను చెప్పిన సంగతి విని పక్కనున్న ముసలమ్మ గొంతు తగ్గించింది.

“పేర్లు కూడా సెప్పేత్తారేటి, బాబూ?”

“ఎవరు ఎవరిని పట్టించారో చెప్పకపోతే అది చరిత్ర ఎలా అవుతుందమ్మా?”

“మా మావని పోలీసులకి పట్టించి సంపించినోడి మనవరాలే నా కోడలు. పిల్లని తెచ్చుకుంటే పగ పోతాదని, తెలిసే సేసుకున్నాం. ఊరందరికీ తెలుసు, ఆ పిల్లకి తప్ప. కాలేజీలో పాఠాలు సెప్తాది. మీ సెమినార్‌కే ఎల్లింది.”

వాళ్ళ పేర్లు అడిగేలోపే ఆమె నందిగాం దగ్గర దిగిపోయింది.

పట్టించినవాళ్ళ పేర్లున్న కాగితాలతో సెమినార్‌లో మైకు ముందు నిలబడ్డాను. ముందు వరుసలో మహిళా లెక్చరర్లు రాసుకోవడానికి పెన్నులు తీసి కూర్చున్నారు. వాళ్ళలో ఆ కోడలు ఎవరో నాకు తెలియదు.