పటంలోని మనిషికి పంచె

టెక్కలి ఆసుపత్రి వరండాలో దొరల సీమనుంచి వచ్చిన పాత చిత్తరువొకటి ఉంది. అందులో టోపీ పెట్టుకున్న పెద్ద డాక్టరు చుట్టూ చేరిన నల్లకోట్ల డాక్టర్లు శవం చేతిని కోసి, లోపలి నరాలు చూస్తుంటారు. ఉద్దానం నుంచి సంతకొచ్చే తవిటమ్మ ప్రతి వారం దాని ముందు కాసేపు నిలబడుతుంది. కొబ్బరికాయలు వలిచీ వలిచీ ఆమె వేళ్లు పీచులాగే గరుకెక్కాయి. కుడి అరచేతిలో కుట్ల మచ్చ. నిరుడు గునపం దిగి చీముపట్టిన ఆ చేతిని ఇక్కడి డాక్టరే కోసి నిలబెట్టాడు. ఆమె భయపడుతుంటే ఈ పటం చూపించి, "ఇలాంటివాళ్ల చేతులు కోసి చూసే మేం నేర్చుకున్నాం" అన్నాడు.

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి ఇంట్లో గతించిన పెద్దలకు బట్టలు పెట్టుకుని, తవిటమ్మ నేరుగా ఆసుపత్రికి వచ్చింది. అంచుకు పసుపు రాసిన కొత్త పంచె పటం కింద పరిచి, దణ్ణం పెట్టింది. కాంపౌండరు నీలకంఠం నవ్వాడు.

"ఆ టోపీ ఆయనమ్మా డాక్టరు. పడుకున్నోడు ఒట్టి శవం."

"డాకటేరు బాబుకి కొబ్బరి గెల ఇచ్చీసినాను నాయినా. ఈయన మా పెద్దల్లో కలిసిపోనాడు" అంది తవిటమ్మ, మచ్చ తడుముకుంటూ. "సూడు, అందరికీ కోట్లున్నాయి. నా సెయ్యి కోసం తన సెయ్యి కోయించుకున్నోడికే ఒంటి మీద గుడ్డ నేదు."