వార్తలమ్మాయి చీర రంగు

“ఆ టీవీలో అంతా నలుపూ తెలుపే కదండీ! ఆవిడ కట్టింది కనకాంబరం రంగని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అంచు మటుకు అదే, చూడు. గుడి గోపురంలా మొనలు మొనలుగా ఉందా లేదా?”

“అంచు సంగతి కాదు నేనడిగేది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఓణీ వేసుకునే పిల్ల ఉంది ఇంట్లో. ఈ చీర కట్టుకుని వీధిలోకెళితే కనకాంబరాల బుట్ట నడిచొస్తోందంటారు.”

“అననీవే. బుట్ట బాగుందనే కదా అంటారు!”

“వేళాకోళాలొద్దు. డబ్బులెక్కడివి?”

“చుట్ట మానేశానుగా, ఆర్నెల్లయింది.”

“నేను పోరు పెట్టానని మానేశారనుకున్నాను.”

“నీ పోరుకి మానేవాణ్ణయితే పెళ్ళయిన ఏడే మానేసుందును.”

వసారాలో పుస్తకం ముందేసుకున్న మా అమ్మాయి కిసుక్కుమంది. నేను తల తిప్పి చూసేసరికి గట్టిగా పాఠం చదవడం మొదలుపెట్టింది.

అప్పుడు మేము కొవ్వూరులో ఉండేవాళ్ళం. మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. ఆ రోజు మిల్లు పని మీద రాజమండ్రి వెళ్ళి, సాయంత్రం పాసింజరులో తిరిగొస్తూ ఈ చీర పట్టుకొచ్చారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా అంతకు ముందెప్పుడూ ఆయన తనంతట తాను నాకు చీర కొన్నది లేదు. నేను కొననిచ్చింది లేదు అనాలి. నా చీరలు నేనే బేరమాడి కొనుక్కునేదాన్ని, ముతక నేతవి, మట్టి కనబడనివి. కట్టగా కట్టగా నడుమ పల్చబడితే రెండు ముక్కలుగా చింపి, గట్టిగా ఉన్న కొసలు రెండూ మధ్యకి తెచ్చి కుట్టుకుని ఇంకో రెండేళ్ళు కట్టేదాన్ని. ఆ తరవాత బొంత. బొంత చిరిగితే మసిగుడ్డ. “మనుషులకే చావు, నీ చీరలకి పునర్జన్మలే” అనేవారాయన.

ఈ చీరకు కారణం టీవీ. మా వీధి మొత్తానికి ఒక్కటే టీవీ, షావుకారు గారింట్లో. తలుపులున్న చెక్కపెట్టె. పైన డాబా మీద యాంటెనా, దాని మీద ఎప్పుడూ ఒక కాకి. కాకి ఎగిరిందంటే బొమ్మంతా చీమలు. ఎవరో ఒకరు డాబా ఎక్కి యాంటెనా తిప్పుతుంటే కింద నుంచి “ఇంకొంచెం... ఆఁ ఆఁ... పోయింది!” అని కేకలు. మగవాళ్ళకు కుర్చీలు, మాకు చాప. షావుకారు గారి భార్య మంచి మనిషే కాని, కాళ్ళు కడుక్కుని రాలేదంటే గుమ్మంలోనే ఆపేసేది. ఆదివారం పొద్దున్న వచ్చే పురాణం సీరియలు హిందీలో ఉండేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కథ మాకు తెలిసిందే కనక ఏడవవలసిన చోట వాళ్ళకంటే ముందే ఏడ్చేవాళ్ళం.

సాయంత్రం తెలుగు వార్తలు మటుకు తప్పేవి కావు. వార్తల కోసం కాదు. వార్తలు చదివే అమ్మాయి చీర కోసం. చెవి పక్కన పువ్వు, మోచేతి దాకా జాకెట్టు, భుజం మీద చీర ఒక్క మడత చెదరకుండా కూర్చునేది. అది ఏ రంగు అన్నది మా పంచాయితీ. “మెంతి రంగు” అని ఒకావిడ. “కాదు, వంకాయ రంగు” అని ఇంకొకావిడ. ఆవిడ దేశం సంగతులన్నీ చదివేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయినా మా వాదం తేలేది కాదు. షావుకారు గారు విసిగిపోయి తెరకు మూడు రంగుల ప్లాస్టిక్ కాగితం తెచ్చి అంటించారు. అప్పటి నుంచి అందరికీ నీలం జుట్టు, కాషాయం మొహం, ఆకుపచ్చ చీర. వారం రోజులకు మేమే బతిమాలి తీయించాం.

నేను ఆ పంచాయితీలోకి దిగేదాన్ని కాదు. మూడో తరగతితో చదువు ఆపించినా, లేని వస్తువు మీద మనసు పెట్టకూడదని మాత్రం బాగా నేర్పించారు మా ఇంట్లో. కాని ఒకనాడు, అంచు మీద మొనలున్న చీర కట్టుకుని ఆవిడ కనబడినప్పుడు, “ఆ అంచు బాగుంది” అని నా నోటంట వచ్చింది. ఒక్క మాటే. కుర్చీల వరసలో ఉన్న ఆయన విన్నారని నాకు తెలియదు. ఆ మర్నాటి నుంచే చుట్ట మానేశారని, లెక్క చూసుకుంటే తరవాత తెలిసింది.

మా అమ్మాయి నవ్వు అణిగాక నేను మళ్ళీ అందుకున్నాను.

“ఆర్నెల్లు నోరు కట్టుకుని చివరికి రంగు ఊహించి తెచ్చారా? ఆవిడది నల్లచీరేమో! తెల్లదేమో!”

“ఆవిడది ఏ రంగైతే నాకెందుకే? నీకేది బాగుంటుందో అది తెచ్చాను.”

అక్కడ నేను ఊరుకోవలసింది. లోపల ఏదో కదిలింది కూడా. ఆ కదిలిన దాన్ని చూసే భయమేసింది నాకు. టీవీ చూసి మొగుడి చేత చీర కొనిపించుకుందని చాప మీద వాళ్ళు అనే మాటలు అప్పుడే వినిపించాయి.

“నాకు బాగుండేది నాకు తెలుసు. రేపు పట్టుకెళ్ళి మార్చుకు రండి. దీని ధరకు ముతకవి రెండొస్తాయి” అన్నాను.

“అంతేనా?”

“అంతే.”

ఆయన లేచి కాళ్ళు కడుక్కొచ్చారు. కంచం ముందు కూర్చుని మజ్జిగ కూడా అడగలేదు.

ముతకవి రెండు వచ్చాయి. బూడిద రంగు, నల్లంచు. ఆ తరవాత రెండో వర్షాకాలంలో ఆయన జ్వరంతో మంచం పట్టి పదిరోజుల్లో పోయారు. అప్పట్లో మొగుడు పోయిన దాని ఒంటి మీద రంగు ఉండనిచ్చేవారు కాదు. బొట్టు తీశారు, గాజులు తీశారు. చీర మాత్రం మార్చమని ఎవరూ అనలేదు. మార్చడానికి దానిలో రంగేమీ లేదు.

కొన్నాళ్ళకు మా అమ్మాయి కాపురంలోకి రంగుల టీవీ వచ్చింది. నన్ను కూర్చోబెట్టి పెట్టారు. వార్తలమ్మాయి పసుపు చీరలో ఉంది. “ఇప్పుడు రంగుల్లో తీస్తున్నారా బాబూ?” అని అడిగాను. మా అల్లుడు నవ్వి, “అప్పుడూ రంగులే పంపేవారండి అత్తయ్యగారూ. ఆ పాత పెట్టెలకి చూపించడం వచ్చేది కాదు, అంతే” అన్నాడు. నాకు తలనొప్పిగా ఉందని లేచి వెళ్ళి పడుకున్నాను.

ఇప్పుడు మా మనవరాలు ఆ కాలపు టీవీ ముక్కలన్నీ ఫోనులో వెతికి చూపిస్తుంది. “ఆ రోజులు ఎంత బాగుండేవో కదా అమ్మమ్మా! ఆ అంచులే ఇప్పుడు మళ్ళీ ఫ్యాషను. నీ పాత చీర ఒక్కటివ్వవా, నేను కట్టుకుంటాను” అంటుంది. పొదుపరిని, ఏదీ పారేయనని ఊరంతా పేరు నాకు. పిల్లకివ్వడానికి నా పెట్టెలో ఒక్క చీర లేదు. అన్నీ మసిగుడ్డలైపోయాయి. వాళ్ళు ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోతారు. నాకు తలుచుకోవడానికి ఒక్క పొద్దే ఉంది, అది రోజూ వస్తుంది.

పోట్లాడిన మర్నాటి పొద్దు అది. ఆయన స్నానం చేసి, గంజి పెట్టిన పంచె కట్టుకుని, కాఫీ తాగారు. నేను చీరను దుకాణం వాళ్ళ మడత ప్రకారమే మడిచి, ఆ కాగితంలోనే చుట్టాను. రాత్రి దారం తెంపలేదు, పనికొస్తుందని ముడి విప్పి దాచాను. ఆ దారం తీసి కట్టబోతుంటే ఆయన అన్నారు:

“ఒక్కసారి భుజం మీద వేసుకుని చూపించవే. తరవాత పట్టుకెళిపోతాను.”

“మడత నలిగితే వాళ్ళు తీసుకోరండీ” అన్నాను.

దారం రెండు చుట్లు చుట్టి ముడేశాను. ఆయన పొట్లం చంకలో పెట్టుకుని పాసింజరు అందుకోవడానికి వెళ్ళారు. నేను బియ్యం ఏరడానికి కూర్చున్నాను.