చివరి వాక్యం

ఇంగ్రిడ్ హాల్వర్సన్ చేతిలో పెన్సిలు, కోటు జేబులో పిప్పరమెంట్లు ఉండాల్సిందే. మిన్నెసోటాలోని ఆ యూనివర్సిటీలో కుర్ర ప్రొఫెసర్లకు ఇరవై ఏళ్లుగా ఆమే మెంటరు. వాళ్ల మూడో ఏటి సమీక్ష లేఖ రాసేదీ ఆమే. ఈసారి వంతు టోబిన్‌ది.

“రెండే పరిశోధన పేపర్లు, తొమ్మిది కమిటీలు! ఇలాగైతే ఉద్యోగం పర్మనెంటు అయినట్టే! అన్నిటికీ తలూపమని ఎవరు చెప్పారు ఇతనికి?” అన్నాడు సమీక్ష సమావేశంలో విభాగం ఛైర్మన్ గారెట్. బల్ల చుట్టూ నవ్వులు. ఇంగ్రిడ్ నోట్లో పిప్పరమెంటు పటుక్కున విరిగింది. “ఎవరేమడిగినా కాదనకు నాయనా, రేపు నీ పర్మనెంటుకు ఓటేసేది వాళ్లే,” అని టోబిన్‌కు చెప్పింది తనే. తలెత్తకుండా రాస్తూ పోయింది. అలవాటు కొద్దీ చేయి, ప్రతి లేఖకూ పెట్టే చివరి వాక్యమూ రాసేసింది: ‘మెంటరు సలహాలు శ్రద్ధగా పాటించాలి.’ రబ్బరుతో కాగితం చిరిగేలా రుద్దింది.

“ఏం ఇంగ్రిడ్, తప్పు పడిందా?”

“తలూపమన్నది నేనే, గారెట్,” అంది ఆమె. “అతను పాటించాడు.”