నిప్పు లేకుండా నూనె కాచిన ఖాదరన్న

నిన్న పొద్దున పుంగనూరు నుంచి ఫోన్.

"ఖాదరన్న పోయినాడప్పా. నిద్దర్లోనే."

పోయిన వారమే కదా మాట్లాడింది. మాట చెవిలో పడింది కానీ మనసుకెక్కలేదు. లేచి వెళ్ళి స్టవ్ మీద కాగుతున్న పాలు ఆపేశాను. ఎందుకు ఆపానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

డెబ్బైల చివర్లో సంగతి. డీజిల్ దొరకని రోజులు. చౌడేపల్లెలో మా బావి మీద ఆయిల్ ఇంజన్, దాని కింద టమోటా తోట. ఇంజన్ ఆగితే తోట పోయినట్టే.

ఖాదరన్న లారీ మెకానిక్. ఫ్యాక్టరీ బాయిలర్లలో వాడే ఫర్నేస్ ఆయిల్ డ్రమ్ముల అడుగున బంకలాంటి మడ్డి మిగిలిపోతుంది. అందరూ పారేసే ఆ మడ్డిని ఆయన మా ఇంజన్ కోసం బస్సు టాప్ మీద వేసుకుని తెచ్చేవాడు. కండక్టర్ల చేత తిట్లు తినడం ఆయనకు మామూలే.

మడ్డి పలచబడాలంటే కాచాలి. ఎవరైనా కింద కట్టెలు పెడతారు. ఈయన మాత్రం డ్రమ్మును మా పేడదిబ్బలో మెడ వరకు పూడ్చాడు.

మా అమ్మకు నవ్వాగలేదు. "ఆవులతో పాటు డ్రమ్మును గూడా సాకాల్నా అప్పా?"

"నీ దిబ్బలో ఎంత కాక ఉండాదో చెయ్యి పెట్టి సూడమ్మా."

నిజమే. పేడ మాగే వేడికే మడ్డి మెల్లగా కరిగేది. నీళ్ళు, ఇసుక అడుగుకు దిగేవి. పైన తేరిన నూనెను గుడ్డతో వడకట్టేవాడు. ఇంజన్‌ను కాస్త డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక ఈ నూనెకు మార్చేవాడు. ఒక్క పుల్ల కాల్చకుండా తోట తడిసేది.

వచ్చినప్పుడల్లా దిబ్బలో అరచెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని కాక చూసేవాడు. జ్వరం బిడ్డ నుదురు చూసినట్టు.

ఒక ఎండాకాలం దిబ్బ ఎత్తి చేనుకు తోలేశాం. కొత్త దిబ్బ ఇంకా కాక పట్టలేదు. తోట వాడిపోతోంది. మా నాయన ఓపిక పట్టలేక డ్రమ్మును బయటికి దొర్లించి, రాళ్ళ మీద నిలబెట్టి, కింద చింతకట్టెలు అంటించాడు.

అప్పుడే బస్సు దిగి వచ్చాడు ఖాదరన్న. మండుతున్న కట్టెల్ని ఉత్త చేతులతో లాగి పారేశాడు. తర్వాత మట్టిలో కూలబడ్డాడు.

"అడుగున నీళ్ళుండాయి మామా. అవి కాగితే నూనె ఆగదు. పాలు పొంగినట్టు పొంగుతాది. కుప్పంలో మా అన్న మీద అట్లే పొంగింది. నేను ఆడనే ఉండాను."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడు తోట సగం ఎండిపోయింది. మా ఇంట్లో ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు.

తర్వాత ఎనభైల్లో మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం రోజు పాలు పొంగించే వేళకు అందరూ పొయ్యి చుట్టూ చేరారు. ఖాదరన్న లేడు. వెతుక్కుంటూ బయటికొస్తే, వీధిలో గోడ వైపు తిరిగి, చెవులు మూసుకుని నిలబడి ఉన్నాడు.

భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడ్డాడు.

"పొంగినాయా?"

పొంగాయన్నాను.

"అందరూ బాగుండారా?"

శుభకార్యంలో ఎవరైనా అడిగే ప్రశ్నేనా అది? ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. ఆ రోజు తర్వాత మా ఇంట్లో పాలు ఎప్పుడూ పొంగలేదు. ఆ లోపే నా చెయ్యి పొయ్యి ఆపేస్తుంది.

నిన్న సాయంత్రం పుంగనూరులో ఆయన సమాధికి మట్టి ఇచ్చాం. నా వంతు పిడికెడు వేశాక చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అరచెయ్యి ఆ మట్టికి ఆనించి, ఆయనలాగే కళ్ళు మూసుకుని కాక చూశాను.

చల్లగా ఉంది.

ఈడ అందరం బాగుండామన్నా.

నిప్పు లేని చోట నిమ్మళంగా నిద్రపో.