బంద్ రోజు వినిపించిన గొంతు

సిరిసిల్లలో పదహారు మరమగ్గాలు నడిపాను. నా మాటకు ఇంతవరకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. ముఖ్యంగా మా మగ్గాలు బాగుచేసే మెకానిక్. నేనేం చెప్పినా చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏంది సేటూ?" అనేవాడు. మగ్గాల చప్పుడు కదా అని నేను గొంతు పెంచేవాణ్ణి. అలా పన్నెండేళ్లు గడిచాయి.

తెలంగాణ ఉద్యమంలో ఒక బంద్ రోజు మగ్గాలన్నీ ఆగాయి. వాటికి నూనె పెడుతున్న మెకానిక్‌ని, రేపు తొందరగా రమ్మని ప్రేమగానే అడిగాననుకున్నాను.

అతను చెవి దగ్గర చెయ్యి పెట్టలేదు. "సేటూ, మగ్గాలు బందే ఉన్నయ్ కదా. ఇంకెందుకు గట్టిగ ఒర్రుతున్నవ్?"

"ఎవడు ఒర్రుతున్నడ్రా?" అన్నాను. రోడ్డు మీద ధర్నాలో కూర్చున్నవాళ్లు నినాదాలు ఆపి మా షెడ్డు వైపు తిరిగారు. "లోపల ఎవల్నో కొడుతున్నరే," అని ఒకాయన లేచాడు కూడా.

మర్నాడు మెకానిక్ వేరే షెడ్డులో చేరాడు. నాలుగుసార్లు కబురు పెట్టినా రాలేదు. అతనెందుకు పోయాడని మా ఆవిడను అడిగితే నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అయ్యా మెకానిక్, నువ్వు పోయింది నా గొంతు వల్లేనా? ఇదిగో, కాగితం మీద మెల్లగా అడుగుతున్నాను. ఇప్పుడైనా జవాబు చెప్పు.