అక్క కోసం కుట్టిన సీటు

మా బావ దర్జీ. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే కారు విషయంలో ఆయన వెలగబెట్టిందంతా దర్జీ బుద్ధితో వెలగబెట్టిందే. ఇంకొకరైతే పాత కారు కొనుక్కుని, ఏ మెకానిక్‌కో అప్పగించి చేతులు దులుపుకునేవారు. ఈయన దాన్ని కొట్టు ముందు నిలబెట్టి, చుట్టూ తిరిగి, తలుపుని పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి, గుడ్డ మంచిదే, కుట్టే వదులైంది అన్నాడు. నాకు నవ్వాగలేదు. మరదలిని కాబట్టి మొహం మీదే నవ్వాను, ఆయనా ఏమీ అనుకోలేదు.

ఆ కారుని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంటుంది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఏళ్ల తరబడి బడికీ ఇంటికీ తిప్పి, చూపు మందగించాక అమ్మేసింది. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. ఎండకి వెలిసి వెలిసి ఇప్పుడు ఏ రంగో చెప్పాలంటే ఆలోచించాలి. బావ జన్మలో కారు నడిపి ఎరగడు. సైకిలు మీద కొట్టుకి వెళ్లి, సైకిలు మీదే ఇంటికొచ్చే మనిషి. అలాంటివాడు తల నెరిశాక కారు కొన్నాడంటే అది మా అక్క కోసమే.

అక్క మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ అసలు పని ఆ తర్వాతేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. హాస్పిటల్‌కి వస్తూ పోతూ వ్యాయామాలు చేయించుకోవాలి, ఈ కొద్ది నెలల్లో కాలుని కదిలిస్తే కదిలినట్టు, లేకపోతే కీలు బిగుసుకుపోయి ఎప్పటికీ ఒకరి భుజం పట్టుకునే నడవాలి అని. మొదటిసారి హాస్పిటల్ వ్యాన్ వచ్చి తీసుకెళ్లింది. లోపల గట్టి బెంచీ, బయట గతుకుల రోడ్డు. బావ పక్కనే కూర్చుని పట్టుకున్నాడు. తిరిగొచ్చాక అక్క గోడవైపు తిరిగి పడుకుని, చచ్చినా ఆ వ్యాన్ ఎక్కనని తేల్చేసింది. మర్నాడే బావ కార్ల గురించి వాకబు చేయడం మొదలుపెట్టాడు.

నడపడం నేనే నేర్పాను. డ్రైవింగ్ స్కూల్లో అదే నా ఉద్యోగం. ముక్కూమొహం తెలియనివాళ్లందరి పక్కనా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాను, అయినా బావ పక్కన మొదటిరోజు నాకు చెమటలు పట్టాయి. ఆయన కాళ్లకి కుట్టుమిషన్ అలవాటు. క్లచ్ మీద కాలు పెట్టడం ఆలస్యం, తొక్కడం వదలడం, తొక్కడం వదలడం. కారు అవునవునని తల ఊపుకుంటూ వీధి దాటింది. ఎంత తొక్కినా ఇందులోంచి చొక్కా రాదు బావా అని తిట్టాను. కాని ఒకసారి కాలికి సంగతి అర్థమయ్యాక నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. కాలర్ మూల తిప్పే చెయ్యి కదా, స్టీరింగుని కూడా అంత నెమ్మదిగానే తిప్పేవాడు.

లైసెన్స్ చేతికొచ్చింది. ఇంకేముంది, రేపే అక్కని తీసుకెళ్తాడని నేను సంబరపడ్డాను. ఆయన మాత్రం కారు ఇంకా తయారుకాలేదన్నాడు. కటింగ్ బల్ల మీద పాత గుడ్డ పరిచి, సుద్దతో కారు బొమ్మ గీశాడు. ఎక్కడెక్కడ ఏం మార్చాలో అందులో గుర్తులు పెట్టడం, మళ్లీ తుడవడం. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడూ కార్ల పండితుడే. ఒకడు వెడల్పు టైర్లు వేయించమన్నాడు, ఒకడు కళ్లు చెదిరే లైట్లు పెట్టమన్నాడు. పక్క సెలూన్ ఆయనైతే వెనకాల రెక్కలాంటిది బిగిస్తే ఠీవిగా ఉంటుందన్నాడు. అది ఉంటే హాస్పిటల్‌కి ఎగిరి వెళ్లిపోవచ్చా అని నేనడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

చివరికి కారు చూడ్డానికొచ్చిన మెకానిక్కే గట్టిగా చెప్పాడు: ముందు బండి ఆగడం చూసుకో, తర్వాత కుదుపు సంగతి, అందచందాలు ఆఖరున. బావ బుద్ధిగా విన్నాడు. బ్రేకులు మార్పించాడు, టైర్లు వేయించాడు. కుదుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం సొంత తెలివి వాడాడు. మెత్తగా ఉంటే చాలనుకుని దొరికినవాటిలో మెత్తటి స్ప్రింగులు పట్టుకొచ్చాడు. గతుకు దాటిపోయాక కూడా కారు ఊయలలా ఊగుతూనే ఉంది, కూర్చున్న నాకు కడుపులో తిప్పింది. మెత్తదనం వేరు, ఊపుని పట్టి ఆపడం వేరు అని మెకానిక్ ఓపిగ్గా విడమరిచి, అవి పీకేసి పాత స్ప్రింగులే బిగించి, కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాడు. అప్పటికి కారు నిజంగానే బాగుపడింది. నేను నడిపి చూశాను కూడా.

అయినా అక్క కదల్లేదు, ఎందుకంటే బావ దృష్టి సీటు మీద పడింది. సీటంటే గుడ్డ, స్పాంజి, దారం. ఇక ఆయన్ని పట్టేవాళ్లెవరు? డ్రైవర్ పక్క సీటు ఊడదీసి కొట్లో పెట్టుకున్నాడు. స్పాంజి పొరలు అతికించడం, నచ్చక పీకడం, తొడుగు కుట్టడం, విప్పడం. దర్జీలందరికీ ఒక జబ్బుంది. ఎప్పుడు ఇస్తావని అడిగితే రేపంటారు. ఆ రేపుని నమ్మి బట్టలిచ్చినవాళ్లు ఎన్నిసార్లు తిరుగుతారో అందరికీ తెలిసిందే. ఇప్పుడు మా అక్క కూడా ఆ వరసలో చేరింది. హాస్పిటల్ నుంచి వ్యాయామాలు చేయించే అమ్మాయి ఫోన్ చేసి, ఇంకా ఆలస్యమైతే తను కూడా చేయగలిగిందేమీ ఉండదని చెప్పింది. ఆ సాయంత్రం అక్క మంచం దిగబోతే మోకాలు సగం కూడా వంగలేదు, తుంటి అసలు మాట వినలేదు. నేను తిన్నగా కొట్టుకి వెళ్లాను.

"ఇంకేం మిగిలింది బావా?"

"అంచు ఒక్కటే. రేపటికి అయిపోతుంది."

"ఆ రేపు నీ కస్టమర్లకి చెప్పుకో. నువ్వు కారుకి ముస్తాబు చేసేలోపు అక్క కాలు కర్రైపోతుంది."

ఆయన సూది ఆపాడు. నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"వ్యాన్‌లో పట్టుకుని కూర్చున్నది నేనమ్మా. మీ అక్క అరిచినప్పుడల్లా నా చెయ్యి తగిలే నొప్పి పుడుతోందేమో అనిపించింది. సగం సగం పనితో మళ్లీ దాన్ని అలా అరిపించలేను. నా వల్ల కాదు."

ఇన్నాళ్లూ చాదస్తం అనుకున్నాను. అది భయం. నాకు ఏడుపొచ్చింది, కోపం మాత్రం పోలేదు. ఆ సీటుని ఆ రాత్రికి ఎలా ఉంటే అలా కారులో బిగించమని చెప్పి, అక్కడినుంచే హాస్పిటల్‌కి ఫోన్ చేసి రేపు పొద్దున వస్తున్నామని చెప్పేశాను. ఆయన దారం తెంపి సీటు ఎత్తుకున్నాడు.

పొద్దున్నే అక్కని లేపి, బట్టలు మార్చి, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని గేటు దాకా నడిపించాం. సీటు చూడముచ్చటగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. కుట్టులో ఒక్క ముడత లేదు. అక్కని మెల్లిగా కూర్చోబెట్టి కాళ్లు లోపలికి పెట్టాం. అంతే, బావ మొహం పాలిపోయింది.

సీటు ఆమెకి సరిపోలేదు. ఆమె లోపలికి దిగబడిపోయి, ముందు అంచు మోకాళ్ల వెనక ఒత్తుకుంటోంది. పక్కల్లో పట్టి ఉంచడానికని ఎత్తుగా కుట్టిన దిళ్లకీ ఆమెకీ మధ్య ఇటొక అరచెయ్యి, అటొక అరచెయ్యి పట్టేంత ఖాళీ. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్క బట్టలన్నీ ఆయనే కుడతాడు. టేపు పట్టే పని లేదు, ఆమె కొలతలు ఆయన వేళ్లకే తెలుసు. సీటు కూడా ఆ లెక్కనే కోశాడు. ఆ కొలతల మనిషి మెట్ల మీద పడకముందు మనిషి. మంచం పట్టాక అక్క సగమైపోయింది. రోజూ అన్నం పెడుతున్నాడు, మందులిస్తున్నాడు, కాని ఆయన ధ్యాసంతా కారు మీదే ఉండి, ఆమె ఎంత తగ్గిపోయిందో చూసుకోలేదు.

"దిగు," అన్నాడు బావ. "తప్పు కోశాను. దిగు, మళ్లీ కుడతాను. మళ్లీ వారం వెళ్దాం."

అక్క తలుపు పిడి పట్టుకుని కూర్చుంది.

"నేను దిగనండీ."

"ఒత్తుకుంటోంది కదా."

"ఒత్తుకుంటోంది. నొప్పిగా కూడా ఉంది. మంచం మీదున్నా నొప్పిగానే ఉంటోంది. నాకు నొప్పి లేకుండా తీసుకెళ్లాలని మీరు ఇన్నాళ్లూ చూశారు, అది కుదరదు. నాకు నడవాలని ఉంది. బండి తియ్యండి."

అక్క అంత పొడుగ్గా మాట్లాడి ఎన్నాళ్లయిందో. నేను ఇంట్లోకి పరిగెత్తి రెండు తలగడలు తెచ్చి ఆ ఖాళీల్లో కూరాను. మోకాళ్ల వెనక దుప్పటి మడతపెట్టి దూర్చాను. వెనక సీట్లో కూర్చుని, సీటు మీదుగా చేతులు చాపి ఆమె భుజాలు పట్టుకున్నాను. బావ బండి తీశాడు.

వీధిలో బాగానే ఉంది. కొత్త షాక్ అబ్జార్బర్ల పుణ్యమా అని చిన్న చిన్న గతుకులు తెలియలేదు. పెద్ద రోడ్డెక్కే చోట స్పీడ్ బ్రేకర్ ఉంది. ఆయన మనిషి నడిచేంత నెమ్మదిగా ఎక్కించాడు, అయినా దిగేటప్పుడు కుదిపింది. అక్క అరిచింది. బావ వెంటనే పక్కకి తీసి ఆపేశాడు. వెనక్కి వెళ్లిపోదామా అని అడిగాడు.

అక్క చెయ్యి చాపి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నేను అరుస్తాను. అరిచినా మీరు ఆపకండి."

ఆయన కళ్లు తుడుచుకుని, అద్దంలో వెనక చూసుకుని, సిగ్నల్ ఇచ్చి మళ్లీ రోడ్డెక్కాడు. అక్క దారి పొడుగునా అరుస్తూనే ఉంది. హాస్పిటల్ గేటు దాకా ఆయన ఎక్కడా ఆపలేదు.