ఆషాఢంలో విజయదశమి

మా బంధువుల ఇళ్ళల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక తాంబూలం నములుతూ మా తోడల్లుడు ఒక కథ చెప్తారు. "మా తమ్ముడింట్లో కంప్యూటర్ మొండికేస్తే నేనెళ్ళి ఒక్క మాటతో దారికి తెచ్చాను" అని అది మొదలవుతుంది. ఆ కథలో నేను లావుపాటి పుస్తకం పట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉంటాను. అందరూ నవ్వుతారు. అది అబద్ధమని నేను అనను. కానీ ఆయన వదిలేసింది చాలా ఉంది. నోటితో చెప్పే కథలో ఆయన ముందు నేను నిలవలేను, రాతలో నిలవగలను. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసిపెడుతున్నాను. పేర్లు రాయను. వరసలు చాలు.

బళ్ళో నేను చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా బందరు గ్రంథాలయంలో. బట్టలకొట్లో గుమాస్తాగా చేరినప్పటి నుంచి, పొద్దున్నే కొట్టు తీసేలోగా అక్కడ కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు పేపరు ఒక పక్క, నిఘంటువు ఒక పక్క. అలా వచ్చిన ఇంగ్లీషు వల్ల మా వీధిలో నాకొక స్థానం ఏర్పడింది. ఇన్సూరెన్సు ఉత్తరం వచ్చినా, మందు సీసాతో పాటు మడతపెట్టిన కాగితం వచ్చినా "కాస్త చదివిపెట్టండి" అంటూ మా గుమ్మం ఎక్కేవారు. నేను ముందు ఇంగ్లీషులో పైకి చదివి, తర్వాత తెలుగులో చెప్పేవాణ్ణి. అది నా పద్ధతి.

తోడల్లుడిగారిది అదే వీధి. మా ఆవిడ అక్కగారి భర్త, ఎరువుల కొట్టు ఉంది. పేపర్లో ధరలు తప్ప మరో పేజీ తిప్పని మనిషి. ఆయన ఒకరోజు కంప్యూటరు, ఇంటర్నెట్టు పెట్టించారు. ఆ ఏడు పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఆయన గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడ్డాయి. ఆ చెప్పుల్లో చాలా జతలు నాకు తెలుసు. నా గుమ్మం ముందు అంతకుముందు చూసినవే.

"మీరూ ఒకసారి వెళ్ళి చూసి రాకూడదూ?" అంది మా ఆవిడ.

"అక్కడ నాకేం పని?" అన్నాను. అన్నానే కానీ, గ్రంథాలయానికి దగ్గర దారి మానేసి, రోజూ వాళ్ళింటి ముందు నుంచే వెళ్ళేవాణ్ణి. జనం తగ్గారేమో చూద్దామని.

ఇంతలో నాగాయలంక నుంచి మా మరదలు, మా ఆవిడ చెల్లెలు, ఫోను చేసింది. వాళ్ళమ్మాయికి ఇంజనీరింగులో ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ కావాలో ఆ ఏడు ఇంటర్నెట్లోనే ఎంచుకోవాలట. ఆ పిల్లకి మేమిద్దరం పెదనాన్నలమే. ఎవరింటికి రావడానికైనా సమానమైన హక్కే.

"మా ఇంటికే పంపు" అన్నాను.

"మీకు కంప్యూటరుందా బావగారూ?"

"ఉంటుంది" అన్నాను.

గుడివాడలో మూసేస్తున్న ఒక నెట్ సెంటర్లో పాత కంప్యూటరు దొరికింది. టెలిఫోను లైనుకి నెట్టు కూడా పెట్టించాను. తీరా అన్నీ అమర్చాక మా ఆవిడ అడ్డం పడింది. "ఆషాఢంలో కొత్త వస్తువు మొదలుపెడతామా? శ్రావణం రానీయండి" అంది. శ్రావణం వచ్చేలోగా ఎంపిక గడువు అయిపోతుంది, పిల్ల తోడల్లుడిగారింటికి వెళ్ళిపోతుంది. పంచాంగం తిరగేశాను. ఎంత తిరగేసినా ఆషాఢం ఆషాఢమే. అప్పుడు నాకు తోచింది. కంప్యూటరు లోపల దాని గడియారం, దాని క్యాలెండరు దానికున్నాయి. వాటిని వెనక్కి తిప్పి, గడిచిన విజయదశమి రోజు పెట్టాను. ముహూర్తమే అక్కర్లేని రోజు కదా.

"చూడు, దీనికి ఇవాళ విజయదశమి" అన్నాను.

మా ఆవిడ తెర మీదకి వంగి చూసింది, నవ్వింది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంటూనే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

ఆ సాయంత్రమే చిక్కు మొదలైంది. వార్తల సైటు తెరుచుకుంది. ఈమెయిలు ఉత్తరాల సైటు తెరుచుకోలేదు. కాలేజీల ఎంపిక సైటూ తెరుచుకోలేదు. దాని బదులు ఎర్ర గుర్తుతో ఒక పేజీ వచ్చేది. ఈ సైటుతో ఇబ్బంది ఉంది, దీన్ని మూసేయమని మా సలహా అని దాని సారాంశం. నేను మూసేసేవాణ్ణి. మళ్ళీ తెరిచేవాణ్ణి, మళ్ళీ అదే.

గ్రంథాలయంలో కంప్యూటర్ల మీద ఉన్న ఒకే ఒక లావు పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. అందులో చెప్పినవన్నీ చేశాను. మోడెం ఆపి మళ్ళీ పెట్టాను. వైర్లు పీకి తుడిచి గుచ్చాను. బ్రౌజరు దాచుకున్న పాత పేజీలన్నీ చెరిపేశాను. చివరికి బ్రౌజర్నే తీసేసి కొత్తగా ఎక్కించాను. టెలిఫోనాఫీసుకు వెళ్తే లైను బాగానే ఉందన్నారు. వస్తూ వస్తూ మా వీధి స్తంభం కేసి చూశాను. మా ఇంటికీ, తోడల్లుడిగారింటికీ తీగ ఆ స్తంభం నుంచే. ఉన్న ఇంటర్నెట్టంతా వాళ్ళే తాగేస్తున్నారని నాకు గట్టి నమ్మకం కలిగింది. పుస్తకాలు చదివినవాడికి కూడా అసూయ వస్తే బుర్ర అలాగే పనిచేస్తుంది.

గడువు ఆఖరు రోజు పొద్దున్న బస్సుకు తల్లీకూతుళ్ళు దిగారు. పిల్ల కుర్చీలో కూర్చుంది. ఎర్ర పేజీ వచ్చింది.

"పాస్‌వర్డ్ ఇలాగే ముందుకెళ్ళి కొడదామా పెదనాన్నా?"

"వద్దమ్మా, ఎర్రగా ఉంటే ఏదీ కొట్టకూడదు."

మా మరదలు గోడ గడియారం చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "పోనీ పెద్దబావగారింటికి వెళ్దామా బావగారూ? మీకెందుకు శ్రమ."

శ్రమ అన్న ఆ మాట నాకు మేకులా దిగింది. అంతలో తోడల్లుడిగారే గుమ్మంలోకి వచ్చారు.

"ఏం తమ్ముడూ, మొండికేసిందా? రండమ్మా మా ఇంటికి. మీ అక్క ఇడ్లీ వేసి కూర్చుంది" అంటూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. పిల్ల లేచి పక్కకి నిలబడింది. ఆయన తెర మీద వేలు పెట్టి "ఏంటిదంతా? ఏం రాశాడు?" అన్నారు.

"సైటు బాగోలేదని రాశాడు."

"ఆ ముక్కకి ఇంత రాస్తాడా? మా ఎరువుల కంపెనీ ఉత్తరం చదివిపెట్టేవాడివే, అలా చదువు. ముందు ఇంగ్లీషు, తర్వాత తెలుగు."

అందరి ముందూ కాదనలేక పైకి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు అయ్యాక తెలుగు. "ఈ సైటు చూపించిన ధ్రువపత్రానికి గడువు తీరిపోయింది. లేదా ఇంకా..."

అక్కడ ఆగిపోయాను.

"లేదా ఇంకా? చెప్పవయ్యా!"

"లేదా ఇంకా అమల్లోకి రాలేదు."

"ఇంకా రాకపోవడమేంటి? ఎప్పటికొస్తదంట?"

నేను మా ఆవిడ వైపు చూశాను. వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడా నా వైపే చూస్తోంది. గుట్టుగా ఉంచుతుందనుకున్నాను.

"అయ్యో, మన కంప్యూటర్లో ఇంకా విజయదశమే కదండీ!" అంది.

తర్వాత నవ్విన నవ్వులు రాయను. మా మరదలు గోడ పట్టుకుని నవ్వింది. తోడల్లుడిగారు "జమ్మాకు ఏదీ తమ్ముడూ, ఇచ్చి దణ్ణం పెట్టు!" అన్నారు. పాస్‌వర్డ్ అడిగే సైట్లు తాము అసలువేనని ఒక పత్రం చూపించాలి, వార్తల సైటుకి ఆ అవసరం లేదు. ఆ సైటు పత్రం విజయదశమి తర్వాత ఇచ్చింది. నా కంప్యూటరు లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మలేదు. పాపం, దాని తప్పేం లేదు.

"మరి తేదీ మార్చేస్తే ఆషాఢం వచ్చేస్తుంది, ఫర్వాలేదా?" అని మా ఆవిడని అడిగాను.

"మొదలుపెట్టింది విజయదశమి నాడేగా. ఇక ఆషాఢం వస్తే రానీయండి."

తేదీ సరిచేశాను. పేజీ తెల్లగా, బుద్ధిగా తెరుచుకుంది. పిల్ల కోసం మా ఆవిడ ముక్కాలిపీట తెచ్చివేసింది. తోడల్లుడిగారు మాత్రం ఎంపిక అయ్యేదాకా నా కుర్చీలోంచి లేవలేదు. లెమ్మని ఎవరూ అనలేదు. నేను వెనక నిలబడి కాలేజీల పేర్లు చదివాను, పిల్ల నొక్కింది.

సీటు గుడ్లవల్లేరులో వచ్చింది. మిఠాయి పెట్టెలతో వచ్చినప్పుడు వాళ్ళు ముందు తోడల్లుడిగారింటికి వెళ్ళారు. బస్టాండు నుంచి వచ్చే దారిలో ఆ ఇల్లే ముందు తగులుతుంది, నాకు తెలుసు. తెలిసినా, ఆ మిఠాయి నాకు ఇప్పటికీ గుర్తుంది, రుచి గుర్తులేదు.

ఇక కృతజ్ఞతలు. చివరిదాకా మా ఇంట్లోనే ఓపిక పట్టిన మరదలికి. ముక్కాలిపీట మీద కూర్చుని విసుక్కోకుండా పని పూర్తిచేసిన పిల్లకి. గుట్టు దాచకపోయినా కొబ్బరికాయ కొట్టిన మా ఆవిడకి. ఆ లావు పుస్తకాన్ని గడువు దాటినా అడగని గ్రంథాలయంవారికి. చివరగా మా తోడల్లుడిగారికి. ఆ ఎర్ర పేజీని పైకి చదవమని అడిగింది ఆయనే. ఇంట్లో అంతమంది ఉండగా చదవమని నన్నే అడిగారు. ఈసారి పెళ్ళిలో ఆ ముక్క కూడా కలిపి చెప్తే నాకేమీ అభ్యంతరం లేదు.